చదివిన పుస్తకానికో తోడు

పోయిన సంవత్సరం మా మొహల్లాలో ఒక పెద్దాయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. కువైట్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చి, ఊళ్ళో సైకిల్ షాపు పెట్టుకుని జీవితం గడిపిన మనిషి. మాకూ ఆయనకూ ఇరవై ఏళ్ళ పరిచయం. మస్జిదులో ఒకే సఫ్‌లో భుజం భుజం ఆనించి ఎన్నిసార్లు నిలబడ్డామో లెక్కలేదు. నమాజు ముగిశాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ మేము మాట్లాడుకున్నదల్లా ఎండల గురించి, నెలవంక గురించి, పిల్లల సంబంధాల గురించి. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఇద్దత్ గడువు పూర్తయ్యాక ఆయన సతీమణి తమ మనవరాలి చేత మాకు కబురు పంపారు. డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి మా గుమ్మం ముందు నిలబడి, "మా దాదా బీరువాలో ఉర్దూ పుస్తకాలున్నాయి హజ్రత్. మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు. వాటిలో ఏవి మదర్సాకు ఇవ్వాలో, ఏవి తూకానికి వెయ్యాలో మీరొచ్చి చెప్పాలని దాదీమా అడుగుతోంది" అంది.

వెళ్ళాం. చెక్క బీరువా పై అరలో దీనీ గ్రంథాలు ఉన్నాయి. అవి మేము ఊహించినవే. కింది అర తెరిచేసరికి మా చేతులు ఆగిపోయాయి. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు ఒక వరుస, జీలానీ బానో కథలు, వాటి పక్కనే మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ 'గుబారె ఖాతిర్'. ఈ చివరి పుస్తకం మాకు ప్రాణం. మా ఇంట్లో ఉన్న ప్రతి కుట్లు ఊడిపోయి, దారంతో కట్టుకుని చదువుకుంటున్నాం. పెద్దాయన ప్రతి అంతకంటే నలిగిపోయి ఉంది. పేజీల అంచుల్లో సన్నని పెన్సిల్ రాతలు. ఒకచోట మెచ్చుకోలు, ఒకచోట సందేహం, మరొకచోట నిలదీసినట్టు ఒక ప్రశ్న.

అంటే ఆ మనిషి ఇన్నేళ్ళూ ఆ పుస్తకంతో ఒంటరిగా మాట్లాడుకున్నారన్నమాట. మేమూ మా ఇంట్లో అదే పుస్తకంతో ఒంటరిగానే మాట్లాడుకున్నాం. మా రెండిళ్ళ మధ్య దూరం మూడు వీధులు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా, "ఈ మధ్య ఏం చదువుతున్నారు భాయ్‌సాబ్?" అని మేము అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఆ విచారంలోంచి పుట్టిందే ఈ వ్యాసం.

చెప్పుకోవడానికి సిగ్గు

మనలో చదివేవాళ్ళు లేరని తరచూ వింటుంటాం. అది పూర్తిగా నిజం కాదు. చదివేవాళ్ళున్నారు, చదివింది బయటికి చెప్పేవాళ్ళే తక్కువ. దానికి కారణం చాలావరకు సిగ్గే. మౌల్వీ అన్నవాడు నవలలు చదువుతాడంటే లోకం ఏమనుకుంటుందోనని ఒకరి జంకు. దుకాణం నడిపేవాడు కవిత్వం గురించి మాట్లాడితే నవ్వుతారేమోనని ఇంకొకరి బెదురు. ఇంటి కోడలు పుస్తకం పట్టుకుని కూర్చుంటే పని ఎగ్గొట్టిందంటారని మరొకరి భయం.

ఇతరుల సంగతి ఎందుకు, మా సంగతే చెబుతాం. మదర్సాలో చదువుకునే రోజుల్లో దిండు కింద ఇబ్నె సఫీ నవల దాచుకున్నవాళ్ళం. ఆయన 'జాసూసీ దునియా' 1952లో అలహాబాదు నుంచి మొదలైంది. 1980లో ఆయన కన్నుమూసిన తర్వాత కూడా చిన్న ఊళ్ళలోని అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలలు చేతులు మారుతూనే ఉండేవి. మా ఉర్దూ మాట సాఫీగా సాగడానికి పాఠ్యపుస్తకాలు ఎంత కారణమో ఆ నవలలూ అంతే కారణం. సెలవులకు ఇంటికి వస్తే 'చందమామ' మా తెలుగు పంతులు. 1947లో మొదలై 2013లో ఆగిపోయిన ఆ పత్రిక మాలాంటి ఎందరికి తెలుగు నేర్పిందో! కానీ ఉపాధ్యాయులమయ్యాక ఈ రెండు సంగతులూ ఎక్కడా చెప్పుకోలేదు. "మీకు ఇష్టమైన పుస్తకాలేమిటి?" అని పిల్లలు అడిగితే, అడిగినవారు మెచ్చుకునే పేర్లే చెప్పేవాళ్ళం. అవన్నీ గొప్ప గ్రంథాలే. అయితే మమ్మల్ని నిద్రపోనివ్వని పుస్తకాలు వేరే ఉండేవి.

మనం నిజంగా ఇష్టపడేది చెప్పనంతకాలం, అదే ఇష్టపడే రెండో మనిషి మన పక్కనే నిలబడి ఉన్నా కనబడడు. ఇది మాకు యాభై దాటాక తెలిసివచ్చింది.

ముతాలా, తక్రార్

చదువుకు తోడు అవసరమని మనవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మదర్సాలలో చదువుకు రెండు అంచెలుంటాయి. మొదటిది ముతాలా. అంటే విద్యార్థి తనంతట తాను గ్రంథం ముందేసుకుని కుస్తీ పట్టడం. రెండోది తక్రార్. సాయంత్రం వేళ నలుగురైదుగురు చుట్టూ చేరి, ఉదయం విన్న పాఠాన్ని ఒకరు చెబితే మిగిలినవారు తప్పు పడుతూ, అడ్డు ప్రశ్నలు వేస్తూ మళ్ళీ నడిపిస్తారు. ఈ మాటే తెలుగులోకి వచ్చి 'తకరారు' అయింది. పొలం గట్ల దగ్గర తకరారంటే తగాదా. మదర్సా చాప మీద తక్రార్ అంటే చదువు. ఆలోచిస్తే రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. ఎదుటివాడు కాదన్నప్పుడే కదా మనకు ఏ మేరకు అర్థమైందో తేలేది.

ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజులు కూడా ఒకరికొకరు వినిపించుకుంటారు. దాన్ని దౌర్ అంటారు. ప్రతి రమజాన్‌లో జిబ్రీల్ దైవదూతతో కలిసి దైవప్రవక్త (స) ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారనీ, చివరి సంవత్సరం అది రెండుసార్లు జరిగిందనీ హదీసులు తెలుపుతున్నాయి. దివ్యావతరణలో మొట్టమొదటి మాటే చదవమన్న ఆదేశం. ఆ చదువు సైతం ఒకరు వినిపించగా మరొకరు వినడంతో సాగిందన్నది గమనించదగిన సంగతి.

ఇబ్నె సీనా (980-1037) వంటి మహామేధావికి కూడా ఒంటరి చదువు చాలలేదు. అరిస్టాటిల్ రాసిన తత్వగ్రంథాన్ని నలభై సార్లు చదివి, కంఠతా వచ్చినా అర్థం కాక విసిగిపోయానని ఆయనే తన జీవిత కథలో చెప్పుకున్నారు. ఒకరోజు బుఖారా బజారులో ఒక వ్యాపారి చిన్న పుస్తకం ఒకటి చూపించి కొనమన్నాడు. ఆయన వద్దన్నారు. అమ్ముకునేవాడికి డబ్బు అవసరం ఉంది, మూడు దిర్హములకే ఇస్తామని వ్యాపారి బతిమాలితే తీసుకున్నారు. తీరా చూస్తే అది అదే గ్రంథం ఉద్దేశాన్ని వివరిస్తూ ఫారాబీ రాసిన పుస్తకం. అది చదవగానే చిక్కుముడి వీడిపోయింది. ఆ సంతోషంతో మర్నాడు పేదలకు దానం చేశారట. ఫారాబీ అప్పటికే లోకంలో లేరు. తనకంటే ముందు అదే గ్రంథాన్ని చదివిన మరొక పాఠకుడు దొరకడమే ఇబ్నె సీనాకు దారి చూపింది.

పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి దమిష్క్ నగరపు చేతిరాత ప్రతులలో ఇంకో ముచ్చట ఉంది. గ్రంథాన్ని ఒకరు పైకి చదువుతుంటే ఊరివారు కూర్చుని వినేవారు. ముగిశాక ఆ ప్రతి మీదనే ఎవరు చదివారు, ఎవరెవరు విన్నారు, ఏ చోట, ఏ తేదీన అన్నది రాసిపెట్టేవారు. దాన్ని సమా అంటారు. ఆ జాబితాలలో పండితులతోపాటు చేతిపనులవారు, స్త్రీలు, తండ్రుల వెంట వచ్చిన పసిపిల్లలు కూడా ఉన్నారు. ఆ రోజుల్లో పుస్తకమంటే పదిమందీ కూర్చుని వినేదన్నమాట.

కోటలో రాసిన ఉత్తరాలు

పెద్దాయన బీరువాలో దొరికిన 'గుబారె ఖాతిర్' కూడా తోడు కోసం తపించిన పుస్తకమే. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత మౌలానా ఆజాద్‌ను అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. ఆయనతోపాటు జవాహర్‌లాల్ నెహ్రూ, మన తెలుగువారైన భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా అక్కడే ఉన్నారు. నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాసింది ఆ కోటలోనే. దాని ముందుమాటలో ఆయన తోటి ఖైదీల సహాయాన్ని, ఆజాద్ పేరుతో సహా, తలచుకున్నారు.

మౌలానా మాత్రం తెల్లవారుజామున లేచి, మల్లెపూల వాసన వేసే చైనా తేనీరు కలుపుకుని, తన స్నేహితుడు మౌలానా హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీకి ఉత్తరాలు రాసేవారు. షేర్వానీ గొప్ప పుస్తకప్రియుడు. హైదరాబాదు సంస్థానంలో సద్రుస్సుదూర్ పదవిలో పనిచేసినవారు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి వైస్ చాన్సలర్. ఆ ఉత్తరాలు కోట గోడలు దాటి వెళ్ళే వీలు లేదు. ఆ సంగతి తెలిసీ మౌలానా రాశారు. తేనీటి గురించి, గదిలో గూడు కట్టుకున్న పిచ్చుకల గురించి, చిన్ననాడు చదివిన పుస్తకాల గురించి. చివరికి 1946లో అవి పుస్తకంగా వచ్చాయి. చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేకపోతే, ఉన్నాడనుకుని అయినా చెప్పుకోవాలనిపించేంత దాహం చదువరిది.

అందులో 1943 ఏప్రిల్ నాటి ఉత్తరం ఒకటి ఉంది. కలకత్తాలో ఆయన భార్య జులేఖా బేగం జబ్బుపడి మరణించినప్పటిది. ప్రభుత్వానికి విన్నపం ఏదైనా ఉంటే వెంటనే పంపిస్తానని జైలు సూపరింటెండెంటు ముందుకు వచ్చినా, తాను ఏమీ అడగదలచుకోలేదని మౌలానా చెప్పేశారు. భార్యను కడసారి చూసుకోలేకపోయారు. ఆ పేజీ అంచున పెద్దాయన పెన్సిల్‌తో రాసిన ప్రశ్న ఒకే ఒక్కటి: "ఎందుకు అడగలేదు?" ఆ రాత కింద రెండు గీతలు. కాగితం చిరిగేంత గట్టిగా గీసిన గీతలు.

చెవికి లిపి లేదు

ఆ రోజు మేము పుస్తకాల జాబితా రాసి లేవబోతుంటే మనవరాలు, "ఇందులో ఏముంది హజ్రత్? దాదా పెన్సిల్ పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు" అని అడిగింది. ఆ పిల్ల తెలుగు మీడియంలో చదివింది. ఖుర్ఆన్ పారాయణం వచ్చు గాని ఉర్దూ పుస్తకం పట్టుకుంటే ముందుకు సాగదు. ఇంట్లో మాటలాడేది మాత్రం ఉర్దూనే.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. మన ఇళ్ళలో తాత ఉర్దూ చదువుతాడు, మనవడు తెలుగు చదువుతాడు. ఒకే కప్పు కింద ఇద్దరు చదువరులుండి, ఒకరి బీరువా ఒకరికి తాళం వేసినట్టే ఉంటుంది. నూర్‌బాషా సోదరుల ఇళ్ళలో ఇంటి భాషే తెలుగు. వారికి ఉర్దూ గ్రంథాలు దూరం, మాలాంటి మదర్సా పండితులకు వారి తెలుగు పుస్తకాలు దూరం. కానీ కంటికి లిపి అడ్డం గాని చెవికి అడ్డం కాదు కదా. మేము అక్కడే కూర్చుని పిచ్చుకల ఉత్తరం పైకి చదివాం. కష్టమైన ఫార్సీ మాట వచ్చినచోట తెలుగులో చెప్పాం. పిల్ల నవ్వింది. పరదా వెనకనుంచి ఆమె దాదీమా కూడా నవ్వారు.

"వచ్చే ఆదివారం కూడా వస్తారా?" అని ఆపా అడిగారు. పుస్తకాలు తూకానికి వెళ్ళలేదు.

అలా మొదలైన కూర్చోవడం ఆదివారం అసర్ నమాజు తర్వాత వాళ్ళ వసారాలో ఇప్పటికీ నడుస్తోంది. మేము, ఆ అమ్మాయి, పరదా వెనక ఆపా. తర్వాత ఒక ఆటో నడిపే నూర్‌బాషా యువకుడు చేరాడు. స్టాండులో సవారీ కోసం ఎదురుచూస్తూ నవల చదువుతుంటే మేము చూసి పలకరించాం. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా రిటైరైన పంతులుగారొకరు ఆయన వెంట వచ్చారు. అంతే, ఐదుగురం. ఎవరూ అధ్యక్షులు లేరు, పేరు లేదు, బ్యానరు లేదు.

ఒకనాడు మనవరాలు మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' తెచ్చి చదివింది. నెల్లూరులోని ఒక ముస్లిం ఇంటి బాల్యం అది. ఆ యాస వినేసరికి ఆటో యువకుడు, "ఇది మా ఇల్లే సార్, మా నాయన మాటలే" అని పొంగిపోయాడు. 1999లోనే పుస్తకంగా వచ్చిన ఆ కథలు మేము అప్పటిదాకా చదవలేదని ఒప్పుకోవడానికి మాకు సిగ్గేసింది. ఒప్పుకున్నాం. ఇంకొకనాడు పంతులుగారు సామల సదాశివ గారు తెలుగు చేసిన అమ్జద్ రుబాయీలు తెచ్చారు. 1908 మూసీ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకుని ప్రాణాలతో మిగిలిన కవి అమ్జద్ హైదరాబాదీ. ఉర్దూలో మేము, తెలుగులో పంతులుగారు ఒకదాని తర్వాత ఒకటి చదివాం. ముప్ఫై ఏళ్ళుగా చదివిన రుబాయీకి ఆ తెలుగు వింటున్నప్పుడు మాకు కొత్త అర్థం తట్టింది.

ఒక ప్రశ్నకు జవాబు

కొన్ని వారాల తర్వాత జులేఖా బేగం ఉత్తరం వంతు వచ్చింది. పెన్సిల్ ప్రశ్నతో సహా చదివాం. ఇక తక్రార్ మొదలైంది. దేశం కోసం నిలబడ్డవాడు తెల్లదొర ముందు చెయ్యి చాచకూడదని పంతులుగారు. అడిగితే పోయేదేముంది, ఆ తల్లి చివరి చూపు కోసం ఎంత ఎదురుచూసి ఉంటుందోనని మనవరాలు. మౌలానా బాధను దాచుకోలేదు, అడక్కపోవడానికి తగిన మూల్యం చెల్లించారని మేము. ఆటో యువకుడు ఏమీ అనలేదు.

అప్పుడు పరదా వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది. "ఆయన కువైట్‌లో ఉన్నప్పుడు మా అత్తగారికి జబ్బు చేసింది. ఉత్తరం రాశాం. సెలవు అడిగితే పని పోతుందేమోనని ఆయన యజమానిని అడగలేదు. ఆమె పోయిన నెల తర్వాత వచ్చారు. అది మౌలానాను అడిగిన ప్రశ్న కాదు హజ్రత్."

వసారాలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ మా పక్కన సఫ్‌లో నిలబడిన మనిషి ఆ బరువు మోస్తూ నిలబడ్డారు. మేము ఆయనతో ఉల్లిగడ్డల ధర మాట్లాడాం. ఒక పుస్తకం పేరు ఎత్తి ఉంటే ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చి ఉండేదేమో. పుస్తకం గురించి మాట్లాడుకోవడమంటే పాండిత్యం ప్రదర్శించడం కాదు. సూటిగా చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి మనిషికి అదొక దారి.

మీరూ మొదలుపెట్టండి

పాఠకులలో ఎవరికైనా ఇలాంటి తోడు కావాలనిపిస్తే మా అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు చెబుతాం.

మొదట నిజం చెప్పండి. గౌరవం కోసం కాక మీరు ఇష్టంగా చదివిన ఒక్క పుస్తకం పేరు చెప్పండి. అది వంటల పుస్తకమైనా, డిటెక్టివ్ నవలైనా పరవాలేదు. ఎదుటివారు చెప్పినదాన్ని తక్కువ చేయకండి. ఒకసారి నవ్వులపాలైనవాడు మళ్ళీ నోరు విప్పడు.

రెండోది, ఇంటి నుంచే మొదలుపెట్టండి. ఉర్దూ వచ్చినవారు పైకి చదవండి, తెలుగు వచ్చినవారు తమ పుస్తకంలోని కథ చెప్పండి. రోజుకు పది నిమిషాలు చాలు. దూరదేశంలో ఉన్నవారిని కూడా కలుపుకోవచ్చు. కువైట్‌లో పనిచేస్తున్న ఆ మనవరాలి తండ్రి ప్రతి ఆదివారం మా చదువును ఫోనులో వింటున్నాడు.

మూడోది, బయట వెతకండి. ఊరి గ్రంథాలయంలో ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో చూడండి. హైదరాబాదు వెళ్తే ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల ముందు వంగి నిలబడ్డవారిని పలకరించండి. మనవాళ్ళే కావాలని నియమం పెట్టుకోకండి. మా పంతులుగారు లేకపోతే అమ్జద్ తెలుగులో ఉన్నాడని మాకు తెలిసేదే కాదు.

నాలుగోది, పుస్తకం ఎరువివ్వడానికి వెనుకాడకండి. తీసుకున్నవారు అమానతుగా చూసుకోండి. ఇబ్నె జమాఆ (1241-1333) అనే పండితుడు విద్యార్థుల మర్యాదల గురించి రాసిన గ్రంథంలో పుస్తకాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. ఎరువివ్వడం మంచిదన్నారు. తీసుకున్నవారు అవసరం తీరగానే తిరిగి ఇవ్వాలనీ, యజమాని అనుమతి లేకుండా అంచుల్లో రాయరాదనీ హెచ్చరించారు. మేము ఒక నోటు పుస్తకంలో ఎవరు ఏది తీసుకున్నారో, ఏ తేదీన తెచ్చారో రాసుకుంటున్నాం. పోయిన పుస్తకం ఇంతవరకు ఒక్కటి కూడా లేదు.

పెద్దాయన 'గుబారె ఖాతిర్' ఇప్పుడు మనవరాలి దగ్గరే ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మా దగ్గర ఉర్దూ నేర్చుకుంటోంది. ఆ ప్రశ్న ఉన్న పేజీలో మేము ఏమీ రాయలేదు. అది మా పుస్తకం కాదు కదా. దమిష్క్ వారి పద్ధతిలో ఒక చీటీ మీద ఆ ఆదివారం తేదీ వేసి, చదివినవారి పేరు, విన్నవారి పేర్లు రాసి ఆ పేజీలో పెట్టాం. చివరన ఆపా తమ పేరు కూడా రాయమన్నారు. దాని పక్కన పెద్దాయన పేరు రాయమన్నారు. రాశాం.

ఈ జుమా నమాజు ముగిశాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, పక్కనున్న వారిని ఒక్క మాట అడిగి చూడండి: "ఈ మధ్య ఏం చదువుతున్నారు?"